తప్పులు లేని తరగతి

తడిగుడ్డతో బోర్డు తుడుస్తూ లెక్కల మేడం ఓరకంట చివరి బెంచీ వైపు చూసింది. అక్కడ ఒక కుర్ర టీచరమ్మ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చుట్టుపక్కల బళ్ళ లెక్కల టీచర్లకు దారి చూపమని, వాళ్ళలోంచే ఎంపికచేసి ఈమెకు తర్ఫీదిచ్చారట. చేతిలో పెన్నుంది కానీ ఒక్క ముక్కా రాయడం లేదు. ఆమె రాస్తే మేడానికి ఒక భయం, రాయకపోతే వంద భయాలు.

"ఆవిడ మా బళ్ళోకీ నవ్వుతూనే వచ్చింది వదినా. నెల తిరక్కుండా నా క్లాసు మార్చేశారు" అని ఆడపడుచు ఫోనులో చెప్పినప్పటినుంచీ మేడం మనసు మనసులో లేదు. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న ఏడో తరగతి పోతే ఆవిడ తట్టుకోలేదు. అందుకే ఇవాళ్టి లెక్కలన్నీ నిన్ననే చేయించి, జవాబులు బట్టీ పట్టించింది. తడబడేవాళ్ళను చెయ్యెత్తొద్దంది.

"సగానికి మూడోవంతు కలిపితే?"

"ఆరింట అయిదు వంతులు మేడం!"

ప్రతి లెక్కకూ అంతే, తడుముకోకుండా జవాబు. చివరి బెంచీలో టీచరమ్మ ముఖం వాడిపోతుంటే, 'ఏమీ దొరకలేదుగా!' అని మేడం లోలోపల మురిసిపోయింది.

పాఠం అయ్యాక ఆ టీచరమ్మ దగ్గరికొచ్చింది. "పిల్లలు తప్పు చేస్తే మీరు విడమరిచి చెప్పే తీరు చూసి తీరాలన్నారండీ మీ హెడ్మాస్టరుగారు. నా తర్వాత ఈ పని మీకే అప్పగిద్దామనుకున్నాం. ఒక్కరూ తప్పు చేయలేదు కదండీ, ఇంకో బళ్ళో చూస్తాను."

తీపి మాటల వెనక ఏ కత్తి ఉందోననుకుంటూ మేడం ముభావంగా తలూపింది. ఆమె వెళ్ళిపోయింది.

అప్పుడు లేచింది, నిన్నటినుంచీ నోరు మెదపని ఒక పిల్ల. "మేడం, పై అంకెలు రెండూ, కింది అంకెలు రెండూ కలిపితే అయిదింట రెండు కదా వచ్చేది?"

"అయిదింట రెండంటే సగం కూడా కాదే పిల్లా! సగం రొట్టె తిన్నావు, పైన ఇంకో ముక్క తిన్నావు. తిన్నది సగంకంటే తగ్గిందా? ఎవరన్నా కక్కించారా?"

తరగతి గొల్లుమంది. ఆ పిల్ల కూడా నవ్వి, తన తప్పు తనే కొట్టేసుకుంది. వాళ్ళతోపాటు నవ్వుతున్న మేడానికి ఉన్నట్టుండి ఆ టీచరమ్మ మాటలు గుర్తొచ్చాయి. కిటికీ దగ్గరికి పరుగెత్తింది. టీచరమ్మ స్కూటరు అప్పటికే గేటు దాటి మలుపు తిరుగుతోంది.

"మేడం, ఆవిడ కాగితం మరిచిపోయారు" అన్నారెవరో.

చివరి బెంచీ మీద గళ్ళు గీసిన కాగితం. ఒక గడి పైన 'పిల్లలు చేసిన తప్పు' అనీ, పక్కగడి పైన 'మేడం సరిదిద్దిన తీరు' అనీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. కింద ఎక్కడా పెన్ను ఆనలేదు.