అమలాపురం నుంచి కనబడిన వెనిస్

దుర్గాశ్రీ సింగపూర్ వెళ్ళొచ్చి రెండేళ్ళు దాటినా భవాని కడుపులో మంట మాత్రం చల్లారలేదు.

ఇద్దరూ తోడికోడళ్ళు. భవాని పెద్దది. ఆమె భర్త సత్యప్రసాద్‌కి కొత్తపేటలో సిమెంటు కొట్టు ఉంది. దుర్గాశ్రీ చిన్నది. ఆమె భర్త శ్యామ్ బాబు బ్యాంకు ఉద్యోగి, కాపరం అమలాపురంలో. బస్సెక్కితే గంట కూడా పట్టదు. అత్తగారు వీరాయమ్మ పెద్దకొడుకు దగ్గరే ఉంటుంది.

దుర్గాశ్రీ వాళ్ళ హాల్లో, గుమ్మం దాటగానే ఎదురుగా కనబడేలా ఒక పెద్ద ఫొటో తగిలించేరు. సింగపూర్‌లో సింహం బొమ్మ నోట్లోంచి నీళ్ళు పడుతుంటే శ్యామ్ బాబు దోసిలి పట్టి తాగుతున్నట్టు తీయించుకున్న ఫొటో. అక్కడికి వెళ్ళినప్పుడల్లా భవాని ఆ ఫొటోకి వీపు పెట్టి కూర్చునేది. అలా కూర్చుంటే ఎదురుగా ఫ్రిజ్ కనబడేది. దాని తలుపు నిండా సింగపూర్ బొమ్మలే.

రావులపాలెంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు మరీ ఘోరం జరిగింది. దుర్గాశ్రీ చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు మూగి ఉన్నారు. "మా సింగపూర్‌లో రోడ్డు మీద ఉమ్మేస్తే ఊరుకోరండీ," అని చెబుతోంది దుర్గాశ్రీ. "ఆయ్, నిజమేనాండీ!" అని వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి వింటున్నారు. పక్కనే కొత్త కంచిపట్టు చీర కట్టుకుని నిలబడ్డ భవానిని ఒక్కరూ పలకరించలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో భవాని ఉండబట్టలేక అనేసింది. "మా సింగపూరట! వాళ్ళ తాతగారు కట్టించినట్టు! ఏమండీ, మనం జన్మలో ఎక్కడికైనా వెళ్ళేమా?"

"మొన్న అంతర్వేది వెళ్ళేం కదే," అన్నాడు సత్యప్రసాద్ తల తిప్పకుండా.

ఆ తర్వాత నెల తిరక్కుండా సిమెంటు కంపెనీ వాళ్ళు ఒక కబురు చెప్పేరు. ఆ ఏడాది బాగా అమ్మిన నలభై మంది డీలర్లని భార్యలతో సహా పదిరోజులు యూరప్ తిప్పుతారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి సిమెంటు అమ్మకం భవాని పనైపోయింది. చుట్టాల్లో ఎవరు గోడ కడుతున్నా ముందు ఆమె ఫోనే వెళ్ళేది. పలివెలలో ఉన్న మేనత్త చేత నిక్షేపంలాంటి ప్రహరీ పడగొట్టించి మళ్ళీ కట్టించింది. చివరికి పేర్ల జాబితా వచ్చినప్పుడు సత్యప్రసాద్ పేరు ముప్ఫైతొమ్మిదోది.

ఇక అత్తగార్ని ఆ పదిరోజులూ ఎక్కడుంచాలన్నది ఒక్కటే మిగిలింది. భవాని అమలాపురానికి ఫోన్ చేసింది.

"అయ్యో అక్కా, మా ఇంటికి రంగులు వేయిస్తున్నాం," అంది దుర్గాశ్రీ. "ఆ వాసనకి అత్తయ్యగారికి ఆయాసం వస్తుంది. మూడో టికెట్ తీసి ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. పాపం, ఆవిడ మాత్రం ఎప్పుడు చూస్తారు?"

ఫోన్ పెట్టేసి భవాని పళ్ళు నూరింది. "చూసేరా, దాని కుళ్ళు! మనం ఇద్దరం సరదాగా తిరిగొస్తామని ఓర్చలేక ముసలావిణ్ణి మన మెడకి కడుతోంది."

నవంబరులో ముగ్గురూ విమానం ఎక్కేరు. వీరాయమ్మ నేతచీర మీద స్వెట్టరు, దాని మీద కొడుకు పాతకోటు వేసుకుని, తలకి మంకీ క్యాప్ పెట్టుకుంది. చేతి సంచిలో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఉంది.

మొదట పారిస్. ఈఫిల్ టవర్ దగ్గర బస్సు దిగేసరికి టవర్ లేదు. నాలుగు ఇనప కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. వాటి పైనంతా దట్టంగా మంచు.

"ఇదేనా? ఇంకా కడుతున్నారా?" అని అడిగింది వీరాయమ్మ.

సంచులు తనిఖీ చేసే కుర్రాడు పూతరేకుల డబ్బా తీసి చూసేడు. తెల్లగా, పలచగా మడతలు మడతలుగా ఉండేసరికి చేతులు తుడుచుకునే కాగితాలనుకున్నాడు. మంచుకి మసకబారిన తన కళ్ళజోడు తీసి, ఒక పూతరేకుతో తుడవబోయేడు. నెయ్యీ పంచదార పొడీ కలిసి అద్దాలకి పట్టేసేయి.

"అయ్యయ్యో, అది తినేదయ్యా!" అంటూ వీరాయమ్మ అతని చెయ్యి పట్టుకుని పూతరేకు నోటి దగ్గర పెట్టింది. అతను భయపడుతూనే కొరికేడు. తర్వాత నవ్వేడు. తర్వాత ఇంకొకటి అడిగేడు. సత్యప్రసాద్ ఇదంతా ఫోన్‌లో వీడియో తీసేడు.

పైకి వెళ్ళాక భవాని ఎర్ర కోటు వేసుకుని, జుట్టు విరబోసుకుని పద్నాలుగు ఫొటోలు తీయించుకుంది. అన్నిట్లోనూ వెనక తెల్లగా గోడకి సున్నం వేసినట్టుంది. వాటిలో బాగున్నది ఒకటి ఏరి కుటుంబం గ్రూపులో పెట్టింది. అయిదు నిమిషాల్లో దుర్గాశ్రీ జవాబు వచ్చింది.

"సూపర్ అక్కా! టవర్ ఎక్కడ?"

పూతరేకుల వీడియోకి మాత్రం గ్రూపంతా కదిలింది. కువైట్‌లో ఉన్న మరిది వరస కుర్రాడు కూడా "పెద్దమ్మా, మీరు కేక" అని పెట్టేడు. ఆ సాయంత్రం బస్సులో వీరాయమ్మ పక్క సీటులో భవాని కూర్చోలేదు. తన టూరులో, తన ఎర్రకోటు ముందు, మంకీ క్యాప్ గెలవడం ఆమెకి మింగుడు పడలేదు.

మూడోనాడు స్విట్జర్లాండ్‌లో మంచుకొండ చూసేరు. అక్కడా వీరాయమ్మే. "ఐసు గోలాకి రంగు నీళ్ళు తేవడం మర్చిపోయేం," అందిట. నలభై మంది డీలర్లూ పడి పడి నవ్వేరు.

అయిదో రోజు పీసా వెళ్ళేరు. ఒరిగిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటో దిగాలని భవాని కొత్తపేటలోనే నిర్ణయించుకుంది. ఇంట్లో అద్దం ముందు చెయ్యి ఎలా పెట్టాలో అభ్యాసం కూడా చేసింది. కానీ ఆ గోపురం ముందు నిలబడింది నలభై మంది సిమెంటు డీలర్లు. బస్సు దిగిన క్షణం నుంచీ వాళ్ళకి పునాది తప్ప మరొకటి పట్టలేదు.

"నేల మెత్తనండీ. అడుగున ఇసక సరిగ్గా దట్టించలేదు," అన్నాడు రాయవరం డీలరు.

"కాదండీ, తడి ఆరకముందే పై అంతస్తు లేపేసేరు," అన్నాడు సత్యప్రసాద్.

"మన దగ్గరైతే బిల్లు ఆపేద్దురు!"

"ఏమండీ! ఇటు చూడండి, ఎంతసేపని చెయ్యెత్తి నిలబడను?" అని అరిచింది భవాని. సత్యప్రసాద్ రాయవరం డీలరుతో వాదిస్తూనే, అటు తిరిగి ఒక నొక్కు నొక్కేడు. ఆమె అది సరిగ్గా చూడకుండానే గ్రూపులో పెట్టేసింది.

దుర్గాశ్రీ నుంచి వెంటనే ప్రశ్న. "అక్కా, ఎవర్నలా తోసేస్తున్నావు?"

పెద్దది చేసి చూస్తే భవాని అరచెయ్యి ఒక బట్టతల పెద్దాయన నెత్తి మీద ఉంది. గోపురం ఆమెతో సంబంధం లేనట్టు అటువైపు ఒరిగి ఉంది. ఆ రోజంతా ఆమె మొగుడితో మాట్లాడలేదు.

ఏడో రోజు వెనిస్. ఊరంతా కాలవలే. రోడ్డుండాల్సిన చోట నీళ్ళు, నీళ్ళలోకి దిగే మెట్లు, అటూ ఇటూ వెళ్ళే పడవలు. వీరాయమ్మ పరవశించిపోతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ మాత్రం ఒక అరుగు మీద చతికిలబడి, "పడవెక్కడానికి ఇంత దూరం రావాలా? మా పుట్టింటి నుంచి నేను పడవ మీదే కాపరానికొచ్చేను. మీరు వెళ్ళిరండి," అంది.

"ఇక్కణ్ణించి కదలకండి అత్తయ్యా. అరగంటలో వచ్చేస్తాం," అని చెప్పి భవాని భర్తతో పడవెక్కింది. ఎండ బాగా ఉంది. నీళ్ళు మెరుస్తున్నాయి. ఎర్రకోటు, నల్లపడవ, వెనక పాలరాతి వంతెన. ఈసారి ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చేయి. దుర్గాశ్రీ మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటూ భవాని ఒడ్డుకి దిగింది.

అరుగు మీద వీరాయమ్మ లేదు.

సత్యప్రసాద్ "అమ్మా! అమ్మా!" అంటూ వంతెన ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరిగెత్తేడు. ఆవిడ ఫోన్‌కి చేస్తే వేరే కాల్‌లో ఉన్నట్టు వస్తోంది. డీలర్లు తలో సందులోకీ వెళ్ళేరు. ప్రతి సందూ ఒకేలా ఉంది, ప్రతి సందూ కాలవ దగ్గరే ఆగుతోంది. భవానికి ఆ నీళ్ళ వైపు చూడాలంటే భయం వేసింది.

అదే సమయంలో ఆమె ఫోన్ మోగింది. దుర్గాశ్రీ. 'దీనికి ఇప్పుడే కావాలా' అనుకుని భవాని కట్ చేసింది. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేసింది. మూడోసారి ఎత్తింది.

"ఎందుకక్కా కట్ చేస్తున్నావు? అత్తయ్యగారు నా దగ్గరున్నారు!"

"అమలాపురంలోనా?" అంది భవాని, బుర్ర పని చెయ్యక.

"మా ఆయన ఫోన్‌లో, వీడియోలో! దారి తప్పేరట. కంగారు పడకు, కూర్చోబెట్టేను."

దుర్గాశ్రీ ఒక చెవికి ఒక ఫోనూ, చేతిలో ఇంకో ఫోనూ పట్టుకుని అమలాపురంలో తన హాల్లో నిలబడి వెనిస్‌ని నడిపించింది. ముందు అత్తగారికి తనున్న చోటు పంపించడం నేర్పబోయింది. వీరాయమ్మ ఏదో నొక్కితే గులాబీ పువ్వుతో శుభోదయం వచ్చింది. ఇంకొకటి నొక్కితే సత్యనారాయణస్వామి వచ్చేడు. అప్పుడు దుర్గాశ్రీ, "అది వదిలెయ్యండి అత్తయ్యా. ఫోను వెనక్కి తిప్పండి. కొంచెం పైకి. ఆ బోర్డు చూపించండి," అంది. బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివి భవానికి చెప్పింది. భవాని అవి కాగితం మీద రాసి అక్కడొక పడవాయనకి చూపించింది. ఆయన నవ్వి, రెండు వంతెనల అవతలికి చెయ్యి చూపించేడు.

అది చేపల కొట్టు. లోపల పీట లాంటి దాని మీద వీరాయమ్మ కూర్చుని ఉంది. మంకీ క్యాప్ ఒళ్ళో ఉంది. కొట్టావిడ ఇచ్చిన నీళ్ళు తాగుతోంది.

"బుట్టలో పులస లాంటిది తీసుకెళ్తుంటే చూద్దామని వెనకాలే వచ్చేనర్రా," అంది. "పులస కాదు."

సత్యప్రసాద్ తల్లి పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. భవాని ప్రాణం కుదుటపడింది. కుదుటపడిన మరుక్షణమే పాత మంట రాజుకుంది.

"పది అడుగుల దూరంలో నేనుంటే నాకు చెయ్యకుండా అమలాపురం చేసేరా అత్తయ్యా? ఇంట్లో పెట్టుకుని చూసుకునేది నేనూ, ఆపదలో గుర్తొచ్చేది అదీనా?"

"నీ ఫోను ఫొటోల్లో ఉంటుంది కదే తల్లీ. ఎత్తవనుకున్నాను," అంది వీరాయమ్మ మామూలుగా.

ఆవిడ ఒళ్ళో ఉన్న ఫోన్‌లోంచి దుర్గాశ్రీ గొంతు వినబడింది. కాల్ ఇంకా పెట్టెయ్యలేదు.

"నీకేం అక్కా, అలిగే హక్కు నీకుంది. సింగపూర్‌కి నేనెంత బతిమాలినా ఆవిడ రాలేదు. అప్పుడు నీకు విషజ్వరం వచ్చి కీళ్ళు పట్టేసేయి, గుర్తుందా? 'భవాని మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది, దాన్నొదిలి ఎలా వస్తాను' అన్నారు. టికెట్ కూడా కొనేసేం, వదిలేసుకున్నాం. హాల్లో ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు నీ మీద ఒళ్ళు మండుతుంది."

"నా మీదా?" అంది భవాని.

"మరి! మా ఇంటికి రంగులూ లేవు, ఏమీ లేవు. నువ్వు తీసుకెళ్తేనే ఆవిడ కదులుతారని అలా అబద్ధమాడేను."

భవానికి మొట్టమొదట కలిగింది సంతోషం. దుర్గాశ్రీ తనని చూసి కుళ్ళుకుందన్న సంతోషం. దాని కోసమే కదా ఇన్ని బస్తాలు అమ్మించింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. ఆ జ్వరం రోజుల్లో అత్తగారు తనకి జుట్టు దువ్వి జడ వెయ్యడం గుర్తొచ్చింది. ఆవిడ అప్పుడు సింగపూర్ మానుకుని ఆ జడ వేసిందని ఎవరూ చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు.

"లేవండి అత్తయ్యా, చలేస్తోంది," అంటూ మంకీ క్యాప్ తీసి ఆవిడ తలకి పెట్టింది భవాని. పడవలో తీయించుకున్న ఫొటోలు ఆ రోజు గ్రూపులో పెట్టలేదు. మర్నాడు పెట్టింది. అంత బాగా వచ్చినవి ఎలా మానుకుంటుంది?

రాజమండ్రి విమానాశ్రయానికి దుర్గాశ్రీ, శ్యామ్ బాబు కారేసుకుని వచ్చేరు. జొన్నాడలో టీ తాగడానికి ఆగినప్పుడు కూడా వీరాయమ్మ చిన్నకోడలికి చేపల కొట్టు సంగతే చెబుతోంది. కొత్తపేటలో ఇంటి ముందు కారాగింది. సత్యప్రసాద్ పెట్టెలన్నీ దింపించేడు. వీరాయమ్మ మాత్రం సీట్లోంచి కదల్లేదు.

"నేను పదిరోజులు అమలాపురంలో ఉంటానే. ఇన్నాళ్ళూ నీ దగ్గరే ఉన్నాను, దానికీ ఆశ ఉండదూ?"

దుర్గాశ్రీ ముందు అద్దంలోంచి భవానిని చూసింది. ఆ చూపులో గెలిచిన కళ ఉంది. భవాని దాన్ని గుర్తుపట్టింది. వారం రోజులుగా అద్దంలో తన మొహంలో వెతుక్కుంటున్న కళ అదే.

"కొంచెం జరగండి," అంటూ భవాని కారు తలుపు తీసి అత్తగారి పక్కన ఎక్కి కూర్చుంది.

"ఎక్కడికే?" అన్నాడు సత్యప్రసాద్, రెండు చేతుల్లో రెండు పెట్టెలతో.

"అమలాపురం. ఆవిడకి మాత్రలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో దీనికేం తెలుసు?"

"నాకు తెలుసక్కా," అంది దుర్గాశ్రీ.

"నీకు తెలీదు. నువ్వు పోనీ శ్యామూ," అంది భవాని తలుపేసుకుంటూ.