కట్టిన చెయ్యి

కుంకుడు రసంతో మూడోసారి రుద్దినా కొండమ్మ కుడి ముంజేతి మీది చారలు పోలేదు. నలభై రోజులు వెదురు దబ్బలు ఒత్తుకున్న చోట నాలుగు తెల్లని గీతలు మణికట్టు నుంచి మోచేయి దాకా చాళ్లు తీసినట్టున్నాయి. పెంటయ్య వాటి మీద నువ్వుల నూనె పోసి మళ్లీ బొటనవేలితో అదిమాడు.

“తోలు ఊడదీస్తవా ఏంది?” అంది కొండమ్మ.

“డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు సాఫ్‌గ పోవాలె.”

“గిది మురికా?”

పెంటయ్య ఇంకాస్త నూనె పోశాడు. మురికి కాదని ఆమెకూ తెలుసు. అవి తన మొగుడు కట్టిన కట్టు గుర్తులు.

చుట్టుపక్కల పన్నెండు ఊళ్లలో చెయ్యి విరిగినా కాలు విరిగినా పెంటయ్య దగ్గరికే వచ్చేవారు. మినప్పిండిలో కోడిగుడ్డు సొన కలిపి పూసి, దబ్బలు పేర్చి, పాత పంచె పీలికతో చుట్టి, కొస లోపలికి దోపి వేసే ముడి వాళ్ల నాయన నాటినుంచి వస్తున్నది. ముడి చూసే ఇది పెంటయ్య కట్టు అనేవారు. నాయన కన్నుమూస్తూ ఒక్క మాట చెప్పాడు: ఇంట్లోళ్ల బొక్క మీద చెయ్యి వెయ్యకురా అని. ఇంటివాళ్లకు విరిగితే పక్క ఊరి వాణ్ణి పిలవడం వాళ్లలో ఆనవాయితీ. పక్క ఊళ్లో కట్టేవాడు బిచ్చయ్య. వాడి కట్లు ఎద్దు మెడలో పలుపులంత వదులని సంతలో పదిమంది ముందు నవ్విన మనిషి పెంటయ్య. అందుకే కొండమ్మ బావి మెట్ల మీద జారిపడ్డ రోజున బిచ్చయ్యకు కబురు పోలేదు. తానే కట్టాడు.

విప్పి చూస్తే చెయ్యి కొడవలిలా వంగింది. అరచెయ్యి పైకి తిరగదు. చారెడు గింజలు తీసుకోలేదు, దోసిట నీళ్లు పట్టలేదు. గుళ్లో తీర్థానికి ఎడమచెయ్యి చాస్తే పూజారి ఉద్ధరిణె వెనక్కి లాక్కున్నాడు. ఆ మాట ఊరంతా పాకకముందే పెంటయ్య ఆమెను రైలెక్కించాడు. వాకిట్లో కట్టు కోసం కూర్చున్న వాళ్లకు మొక్కు తీర్చుకోను పోతున్నానని చెప్పాడు.

దిగింది నాంపల్లిలో, బామ్మర్ది అంజయ్య ఇంట్లో. అంజయ్య స్టేషన్ గూడ్స్ షెడ్డులో హమాలీ. స్టేషన్ వెనకాల కిరాయికి తీసుకున్న ఒంటి గది అతనిది. ఆ పొద్దున చెంబులో చాయ్ పట్టుకుని వచ్చి గడప మీదే నిలబడ్డాడు.

“ఫికర్ లేదు బావా, చీటీ దొరికింది. ఆబిడ్స్‌ల వామన్‌రావు డాక్టర్. పది గంటలకు రమ్మన్నడు. ముందుగాల బొక్కల ఫోటో తీస్తడట.”

“బొక్కల ఫోటో ఏంది?”

“తోలు మీదికెల్లి తీస్తె లోపలి బొక్క కనవడ్తది.”

పెంటయ్య చాయ్ గ్లాసు చేతిలో తిప్పాడు. “కట్టినోని చెయ్యి గుడ పడ్తదా అండ్ల?”

“పడకేమాయె! నీ మీసాలతోని పడ్తది.”

కొండమ్మ ఫక్కున నవ్వింది. పెంటయ్య నవ్వలేదు. అంజయ్య గొంతు తగ్గించాడు.

“పరాచికం కాదు బావా. నాటు కట్లు కట్టేటోళ్లంటే గా డాక్టర్‌కు ఒళ్లు మంట. పోయిన నెల మా మేస్త్రిని తీస్కపోతే, కట్టినోడు దొరికితే జైల్ల ఏపిస్త అన్నడు. నిన్ను గుడ అడుగుతడు, ఎవరు కట్టిన్రని.”

“ఏం చెప్పాలె మరి?”

“ఎవడో ముసలోడు కట్టిండు, కట్టినంక సచ్చిపోయిండు అనున్రి. సచ్చినోన్ని ఎవడు దేవులాడుతడు?”

పెంటయ్య కొండమ్మ దిక్కు చూడకుండా ఆమెతో అన్నాడు. “నువ్వే చెప్పు. నా నోట అబద్ధం అతకదు.”

“నీ చేత బొక్క అతకలె, నోట అబద్ధం అతకదు. ఇగ అన్నిటికి నేనే,” అంది కొండమ్మ. తర్వాత అతని ముఖం చూసి, “సరే తియ్యి, చెప్త,” అంది.

చారలు మాత్రం పోలేదు. ఇద్దరూ బయల్దేరినప్పుడు పెంటయ్యకు స్టేషన్ బయట గోడ వారన గాజులమ్ముకునే సమ్మక్క కనబడింది. నలభై రోజులుగా కొండమ్మ కుడిచేతికి పసుపు దారమే ఉంది. “ఉత్త చేత్తో ఎట్ల పోతవ్,” అని ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు. “నిండుగ ఎయ్యవ్వా. మోచేతి దాకా వచ్చినా సరే.”

“గింత పావురమా పెండ్లాం మీద!” అంది సమ్మక్క. వంకర చేతిని ఒడిలో పెట్టుకుని, వేళ్లు దగ్గరికి నొక్కి, డజను ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కించింది. ఎముక మీద గాజు రాసుకున్నప్పుడల్లా పెంటయ్య పళ్లు కరుచుకున్నాడు. కొండమ్మ రోడ్డు మీద పోతున్న సిపాయిల లారీలు లెక్కపెడుతూ కూర్చుంది.

“అబ్బ అనన్న అనదేంది గీమె!” అంది సమ్మక్క.

గాజులు చారలను సగం కప్పాయి. మిగతా సగం కొంగు కప్పింది.

ఆబిడ్స్‌లో బట్టల దుకాణం మీది అంతస్తులో దవాఖాన. మెట్లెక్కుతుంటే స్పిరిటు వాసన ఎదురొచ్చింది. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక పెంటయ్య చంకలో పెట్టుకున్నాడు. బల్ల మీద షేర్వాణీ వేసుకున్న ఒకాయన కాలుకు తెల్లటి కట్టుతో కూర్చుని ఉన్నాడు. పెంటయ్య దాన్ని చూసి చూసి, ఆయన అటు తిరిగినప్పుడు వేలితో తట్టి చూశాడు. రాయిలా ఉంది. మడమ నుంచి మోకాలి దాకా ఎక్కడా ముడి లేదు. ఎవరు కట్టారో చెప్పే గుర్తే లేదు. ముడి లేకుండా కట్టే వాళ్లు ఎంత సుఖంగా ఉంటారో అనుకున్నాడు.

కాంపౌండర్ పిలిచాడు. లోపల వామన్‌రావు డాక్టర్ బల్ల మీద నుంచి తలెత్తకుండానే అన్నాడు. “ఫోటో తియ్యాలె. గాజులు తీసెయ్యున్రి.”

కాంపౌండర్ సబ్బు నీళ్లు రాసి గాజులన్నీ లాగి పెంటయ్య చేతిలో పెట్టాడు. పొద్దుటి నుంచి దాచినదంతా ఒక్క నిమిషంలో దీపం కింద పరుచుకుంది. ఫోటో తీసి, వెలుగుకు ఎత్తి చూసి, డాక్టర్ కొండమ్మ చేతి మీది నాలుగు చారల మీద పెన్సిలు ఆనించాడు.

“ఎవరు కట్టిన్రమ్మా?”

కొండమ్మ నోరు తెరిచింది. “ఒకాయన కట్టిండు దొరా. గాయన...”

అక్కడ ఆగింది. ఆమె చూపు బోడి చేతి మీద ఉంది. అక్కడి నుంచి మొగుడి గుప్పిట్లోని గాజుల మీదికి పోయింది. పెంటయ్యకు అప్పుడు తట్టింది. గాజులు తీసిన చేత్తో, కట్టిన మొగుడు ఎదురుగా నిలబడి ఉండగా, చచ్చిపోయాడనే మాట ఏ ఆడది అంటుంది? అనమని చెప్పిన తాను ఎలాంటివాడు?

“గాయన ఏమైండు?” అన్నాడు డాక్టర్.

కొండమ్మ పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది.

“నేనే కట్టిన సారూ,” అన్నాడు పెంటయ్య. “బతికే ఉన్న.”

కాంపౌండర్ నవ్వబోయి దగ్గాడు. డాక్టర్ తలెత్తి మొదటిసారి పెంటయ్యను చూశాడు. చంకలో చెప్పులు, చేతిలో గాజులు.

“నీ పనే ఇదా?”

“ఔ సారూ. మా నాయన నాటికెల్లి.”

“దబ్బలు సరిగ్గనే పెట్టినవ్. చారలు చూస్తె తెలుస్తున్నది. కాని బొక్కను గుంజి కుదర్చలె. గుంజకుంట ఎవడన్న కడ్తడా? నీకు తెల్వదా?”

తెలియకేం. ఊళ్లో పిల్లలు కేకలు పెడుతుంటే పాదం అడ్డం తన్ని గుంజినవాడే అతను. ఏ ఏడుపూ అతని చెవిన పడేది కాదు. పెంటయ్య తల వంచుకున్నాడు.

“ఏడ్చింది సారూ. గా ఏడుపుకు నా చెయ్యి సడలింది.”

“ఎవరు ఏడ్చిన్రు?” అంది కొండమ్మ. అప్పటిదాకా లేని చురుకు ఆమె గొంతులోకి వచ్చింది. “నేను కొంగు పండ్ల నడుమ పెట్టుకుని కూసున్న. గుంజు, గుంజు అంటనే ఉన్న. ఏడ్చింది నువ్వు.”

పెంటయ్య నలభై రోజులుగా తనకు తాను చెప్పుకున్న మాటను ఆమె ఇద్దరు పరాయివాళ్ల ముందు విప్పి పెట్టింది. అది అబద్ధమని ఇప్పుడే అతనికి తెలిసింది. ఆ రోజు దబ్బల మీద పడ్డ తడి తనదే.

జైలు మాట రాలేదు. డాక్టర్ కాగితం మీద ఏదో రాశాడు. “మళ్లా విరిచి కుదర్చాలె. చెయ్యి తిరుగుతది. గురువారం పొద్దుగాల ఏం తినకుంట రావాలమ్మా. మత్తు ఇస్తం.” తర్వాత పెంటయ్యతో, “నువ్వు గాడ బయట కూసో ఆనాడు,” అన్నాడు. కసిరినట్టు కాదు. ఇంకో కట్టేవాడితో మాట్లాడినట్టే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మెట్ల మీదికి వచ్చాక కొండమ్మ ఆగి చెయ్యి చాపింది.

“ఎయ్యి.”

“గురువారం మళ్లా తీసేదే కద.”

“గందాక బోడి చేత్తో తిరగాల్నా?”

పెంటయ్య చెప్పులు కింద పెట్టి పై మెట్టు మీద కూర్చున్నాడు. సమ్మక్క నొక్కినట్టే వేళ్లు దగ్గరికి నొక్కి మొదటి గాజు ఎక్కించబోయాడు. బొటనవేలి ఎముక దగ్గర అడ్డం పడింది. అతని చెయ్యి ఆగిపోయింది.

“గుంజు,” అంది కొండమ్మ, కింద రోడ్డు మీద పోతున్న లారీలు చూస్తూ. “ఏడ్వకు.”