పట్టు గొలుసుది

ఆ సరుకుల ఓడకు కొత్త కెప్టెన్ వచ్చి నెల తిరగలేదు. రేవు బయట లంగరు దించుతున్న ఉదయం, గాలి పెరిగేలా ఉందని, నీటి లోతుకు ఆరింతల గొలుసు వదలడం మంచిదని ఓడ పనివాళ్ల పెద్ద అయిన సరంగు చెప్పి చూశాడు. ముప్పై ఏళ్లుగా అతనిదదే పని.

మూడింతలు చాలన్నాడు కెప్టెన్. గొలుసుకు మొన్ననే రంగు వేయించాడు. ఎక్కువ వదిలితే బురదపాలవుతుందని అతని బాధ. ఏడు టన్నుల లంగరుండగా గొలుసుతో పనేమిటని చురక కూడా వేశాడు. సరంగు మూడింతల దగ్గర గొలుసు బ్రేకు బిగించాడు.

మధ్యాహ్నం గాలి పెరిగే వేళకు కెప్టెన్ అత్తమామలు ఓడ చూడడానికి పడవలో వచ్చారు. అల్లుడు వాళ్లను ఓడ ముందుభాగానికి తీసుకెళ్లి, లంగరు బరువే ఓడను పట్టి ఉంచుతుందని విడమరచి చెప్పసాగాడు. రిటైరైన లెక్కల మాస్టారు మామగారు. మాటమాటకీ తలూపుతున్నారు. అత్తగారు మాత్రం ఒడ్డుకేసి చూస్తున్నారు.

"బాబూ, ఇందాక ఆ పసుపు గోదాము క్రేను వెనకాల ఉండింది కదా. పక్కకెలా వచ్చింది?" అని అడిగారావిడ.

గోదాములు కదలవండీ అని అల్లుడు నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే సంగతి బోధపడి ముఖం పాలిపోయింది.

సరంగు అప్పటికే గొలుసు మీద చెయ్యి వేసి చూస్తున్నాడు. అది వణుకుతోంది. లంగరు నేలను కరవకుండా ఓడ వెంట జారుకుంటూ వస్తోందన్నమాట. ఎవరినీ అడక్కుండా బ్రేకు వదిలాడు. గొలుసు గడగడా దిగి సముద్రపు అడుగున బారుగా పరుచుకుంది. వెనకనున్న చమురు ఓడకు వంద గజాల ఇవతల వీళ్ల ఓడ నిలిచింది.

"బరువు లంగరుదే గానీ పట్టు గొలుసుదండీ," అన్నాడు సరంగు మాస్టారితో. "గొలుసు పొట్టిదైతే లంగరును పైకి లేపేస్తుంది. గొలుసు నేల మీద పడుకుంటే లంగరును పక్కకి లాగుతుంది, అప్పుడు దాని కొమ్ములు బురదలో దిగుతాయి."

మాస్టారు దీనికీ అంతే శ్రద్ధగా తలూపారు.

తన అప్రమత్తత వల్ల పెనుప్రమాదం తప్పిందని కెప్టెన్ కంపెనీకి నివేదిక రాశాడు. ఇంట్లో దాన్ని చదివి వినిపిస్తే, ఇందులో నేనెక్కడున్నానని అత్తగారు అడిగారు. 'సందర్శకులు క్షేమం' అన్నచోట ఉన్నారని అల్లుడు చూపించాడు.

కంపెనీ కెప్టెన్‌ను మెచ్చుకుని, కొత్త అధికారులకు లంగరు పాఠాలు చెప్పే ఉద్యోగమిచ్చింది. అనుమతి లేకుండా బ్రేకు వదిలినందుకు సరంగును పదిహేను రోజుల శిక్షణకు పంపింది. చల్లటి గది, మెత్తటి కుర్చీ, పూర్తి జీతం. సరంగు తన భార్యకు ఫోనులో అంతా వివరంగా చెప్పాడు.

ఆవిడ అంతా విని, "ఇంతకంటే పెద్ద తప్పు చేస్తే ఎన్నాళ్లు పంపుతారో కనుక్కో," అంది.