తుంగనల్లికి పెట్టిన పేరు

వీధిలో ఆమెను పురుగులమ్మ అనేవారు. మ్యూజియంలో పురుగుల విభాగం ఆమెది. గుండుసూదులకు గుచ్చిన పురుగుల మధ్యే సగం జీవితం గడిచిపోయింది. మొగుడు పోయాక ఇంట్లో మిగిలింది తనూ అత్తగారూ. ఆ అత్తగారు నోరు తెరిస్తే ఎదుటివాడు నోరు మూసుకోవాల్సిందే.

"నల్లి కనిపిస్తే మంచాలు ఎండలో పడేసి సలసలా కాగే నీళ్ళు పోసేవాళ్ళం. నువ్వేమో వెతుక్కుంటూ బురదలోకి పోతున్నావు," అనేది ఆవిడ.

"అది మంచం నల్లి, అత్తయ్యా. ఇది తుంగనల్లి. మనుషుల జోలికి రాదు. తుంగ కాడలో రసం పీల్చుకుని బతుకుతుంది."

"అయితే మనవాళ్ళలో కొందరికంటే నయమే," అంటూ ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని కోడలి వెనకాలే మడుగులోకి దిగేది.

ఊరి చివర బస్సుల మరమ్మతు షెడ్డు వెనక చిత్తడి నేల అది. చుట్టూ మోకాలెత్తు తుంగ. ఆ తుంగలోనే దొరికింది పురుగు. ఎండుగడ్డి రంగు, రెక్కల అంచున సన్నని ఎర్రగీత. పట్టుకోబోతే ఎగరదు, కాడకి అవతలి పక్కకి జరిగి నక్కుతుంది. ఆమె దాన్ని తెలిసిన నల్లులన్నిటితో పోల్చింది. దేశదేశాల మ్యూజియాల నుంచి నమూనాలు తెప్పించుకుని, కళ్ళు మండేదాకా మైక్రోస్కోపులో చూసింది. దేనితోనూ కలవలేదు. ఇది లోకానికి కొత్తదే. వ్యాసం రాసి పత్రికకు పంపింది. కనిపెట్టిన మనిషిగా పేరు పెట్టే హక్కు ఆమెదే. 'తుంగమడుగులో ఉండేది' అనే అర్థం వచ్చే లాటిన్ మాట ఎంచుకుంది.

వ్యాసం అచ్చుకి సిద్ధమైందని తెలియగానే డైరెక్టర్ పిలిపించాడు.

"కూర్చోండి. మన కొత్త భవనం కట్టిస్తున్న ఛైర్మన్ గారి పేరు దీనికి పెడదాం. ప్రారంభోత్సవంలో ప్రకటిస్తే బాగుంటుంది."

ఆ ఛైర్మన్ గారి లారీలే మడుగులో మట్టి పోస్తున్నాయి. అక్కడ ఆయన కంపెనీ గోదాములు లేవబోతున్నాయి.

"నల్లికి తన పేరు పెడితే ఆయన సంతోషిస్తారా, సార్?"

"లాటిన్‌లో ఉంటుంది కదా. నల్లి అని ఎవరికి తెలుస్తుంది?"

"దాని ఇల్లు పూడ్చేస్తున్న మనిషి పేరు దానికి నేను పెట్టను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆలోచించుకోండి. కింద నిల్వగదిలో మనిషి కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు."

"ఆలోచించాకే చెబుతున్నాను."

ఇంటికొచ్చి జరిగింది చెప్పింది. అత్తగారు అంతా విని, "భయమేస్తోందా?" అంది.

"వేస్తోంది."

"వెయ్యనీ. మాట మాత్రం మార్చకు. మా ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ నువ్వు ఎవరికీ లొంగింది లేదు, నాతో సహా. ఇప్పుడు లొంగితే నాకు అవమానం."

ప్రారంభోత్సవం నాడు హాలు కిక్కిరిసింది. డైరెక్టర్ ఆమె కాదన్న సంగతి చెవిన వేసుకోనట్టే మైకు పట్టుకుని, కొత్త కీటకానికి ఛైర్మన్ గారి పేరు పెట్టామని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఆమె వెనక వరసలోంచి లేచి నిలబడింది.

"అది దాని పేరు కాదండీ. పత్రిక ఇవాళ పొద్దున వెలువడింది. నేను పెట్టిన పేరు అచ్చయింది. ఒకసారి అచ్చయ్యాక ఆ పేరు మార్చడం నా వల్లా కాదు, మీ వల్లా కాదు."

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఛైర్మన్ ముఖాన నవ్వు చెదరనివ్వకుండా అడిగాడు. "పోనీండి, ఇంతకీ అదెక్కడ ఉంటుంది?"

"మీ లారీలు మట్టి పోస్తున్న చోట. పేరులోనే ఉంది. రేపు మడుగు లేకపోయినా, పేరు చదివిన ప్రతివాడూ మడుగేదని అడుగుతాడు."

మర్నాడే ఆమె బల్లను కింద నిల్వగదిలోకి దింపేశారు. కిటికీ లేదు, గోడలకు చెమ్మ. తోటివాళ్ళు మెట్ల దగ్గర ఎదురైతే తల తిప్పుకుని పోయారు. ఆమె మైక్రోస్కోపు తుడిచి పెట్టుకుని పనిలో పడింది.

సెలవురోజు వచ్చింది. అత్తాకోడళ్ళు మడుగుకి వెళ్ళారు. సగం మడుగు ఎర్రమట్టి కింద ఉంది. మిగతా సగంలో తుంగ నిలబడే ఉంది. ఆమె కర్రకి కట్టిన పురుగుల వల తీసి కాడల మీదుగా విసిరింది. వల అడుగున రెండో మూడో తుంగనల్లులు కదిలాయి.

మట్టి లారీ ఒకటి వచ్చి హారన్ కొట్టింది. డ్రైవర్ తల బయటపెట్టి, "అడ్డం లేవండమ్మా, ఇక్కడే దించాలి," అన్నాడు.

"ఇక్కడ నా పని అవలేదు," అంది ఆమె, వల దింపకుండా.

"ఎప్పటికవుతుంది?"

"తెలీదు."

అత్తగారు చెప్పులు కింద పడేసి, లారీకి ఎదురుగా బురదలో కాళ్ళు పాతుకుని నిలబడింది. "నాకు కూడా తెలీదు నాయనా. ఇంట్లో వేరే పనేమీ లేదు మాకు."

డ్రైవర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆఖరికి ఇంజన్ ఆపేశాడు. ఆమె మళ్ళీ వల విసిరింది.