కోసిన చీరలు

పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీది ఓ చీరల షోరూంలో మమత ఆరేళ్లు ఫాల్స్ కుట్టింది. ఆమె తల్లి బుచ్చవ్వ అక్కడే ఊడ్చి తుడిచేది. సిరిసిల్లలో మగ్గం అమ్ముకున్నాక తల్లీకూతుళ్లు యూసుఫ్‌గూడలో ఒక గది అద్దెకు తీసుకున్నారు.

సీజన్ అయిపోయిన ప్రతిసారీ యజమాని విక్రమ్ మమతకు కత్తెర ఇచ్చేవాడు. అమ్ముడుపోని చీరలను రెండు చోట్ల అడ్డంగా కోసి తుక్కులో వేయాలి. మొదటిసారి ఆమె కత్తెర పక్కన పెట్టి అడిగింది.

"తక్కువ ధరకు ఇయ్యరాదు సార్?"

"తక్కువకిస్తే రేపు కొత్త మాల్ ఎవడు కొంటడు? లాభం ఏడికెళ్లి వస్తది? కొయ్యి."

నేతవాళ్లింట్లో పుట్టిన మమత ఆరేళ్లు చీరలు కోసింది.

ఈ ఎండాకాలం బుచ్చవ్వ ఆ తుక్కులోంచి కోసిన చీర ఒకటి తీసి సంచిలో పెట్టుకుంది. పక్క గదిలో బాలింత ఉంది, పొత్తిగుడ్డలకు పనికొస్తుందనుకుంది. గేటు దగ్గర విక్రమ్ పట్టుకున్నాడు. కస్టమర్ల ముందే సంచి బోర్లించాడు. చీర చేతిలో పట్టించి ఫోటో తీసి, స్టాఫ్ గ్రూపులో 'దొంగ' అని పెట్టాడు.

"పారేసిందే గద సార్," అంది బుచ్చవ్వ.

"పారేసినా నాదే."

ఆ రోజు నుంచి బుచ్చవ్వ గడప దాటలేదు. గోడ వైపు తిరిగి అన్నం తినేది. మమత ఆ పని మానేసింది. వేరే పని వెతుక్కోలేదు. ఆమెకు విక్రమ్ తల దించుకోవడం చూడాలని ఉంది, అంతే.

షోరూం తుక్కును అమీర్‌పేటలో సారయ్య కొని పరుపులు కుట్టేవాళ్లకు అమ్ముతాడు. మమత అతని దగ్గర నాలుగు మూటలు కొని, రసీదు రాయించుకుంది. కోసిన చోట ఎర్రటి దారంతో కలిపి కుట్టింది. అతుకు దాచలేదు. లోపలుండే షోరూం లేబుల్ విప్పి, కొంగు మీద పైకి కనబడేలా వేసింది. షోరూంకు ఎదురుగా కనకయ్య జిరాక్స్ దుకాణం ముందు జాగా కిరాయికి తీసుకుని, మిషన్ వేసుకుని కూర్చుంది.

కోచింగ్‌కు వచ్చే హాస్టల్ పిల్లలు ఆగారు.

"గింత మంచి చీర గింత సస్తా ఎట్లక్కా?"

"గా దుకాణంలదే. ఎవలూ కట్టుకోవద్దని కోయిపిచ్చిండ్రు. కోసింది నేనే."

రవళి అనే పిల్ల అది వీడియో తీసింది. వారం తిరక్కుండా పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు కౌంటర్లో అడగసాగారు, "మిగిలినయి కోస్తరంట నిజమేనా?" అని. అద్దాల వెనక విక్రమ్ మొహం చూసి మమత కడుపు చల్లబడింది. అతను పోలీసులను పిలిపించాడు. కానిస్టేబుల్ రసీదు చూసి వెళ్లిపోయాడు.

కానీ విక్రమ్ తెలివైనవాడు. నెల తిరిగేసరికి మూడో అంతస్తులో 'మేం ఏదీ పారేయం, మిగిలిన చీరలు సగం ధరకే' అని బోర్డు వెలిసింది. జనం విరగబడ్డారు. సారయ్యకు మూటలు రావడం ఆగిపోయింది. విక్రమ్ నవ్వుతూ రోడ్డు దాటి వచ్చాడు.

"నీ పుణ్యమా అని మస్తు నడుస్తుంది. రా మమతా, ఆ ఫ్లోర్ నువ్వే చూస్కో."

"గేటు కాడ అందరి ముంగట మా అవ్వకు తప్పయిందని చెప్పు. అప్పుడొస్త."

"ఇంకా గదేనా? పాత ముచ్చట," అని వెళ్లిపోయాడు.

మమతకు ఒళ్లంతా మంట. తను బయటపెట్టిన అతని సిగ్గును కూడా అమ్ముకున్నాడు. మర్నాడు అట్టముక్క మీద రాసి కట్టింది: 'కొత్త చీర కొనకండి. పాతది తెండి, కుట్టి ఇస్తా.' చిరుగులు, వెలిసిన అంచులు, బిగుతైన రవికెలు వచ్చిపడ్డాయి. అందరి దగ్గరా ఒకటే మాదిరి తక్కువ కూలి తీసుకుంది.

"ఇట్లయితే నీకేం మిగుల్తది?" అన్నాడు కనకయ్య.

"నాకు సుత లాభం గావాలె అన్నా. కిరాయి కట్టాలె, బియ్యం తేవాలె. గంత చాలు. నేను కుట్టిన ఒక్కో చీర ఆయన దగ్గర అమ్ముడువోని ఒక్కో చీర. నాకు గదే అసలు లాభం."

దసరాకు షోరూంలో జనం పలచబడ్డారు. విక్రమ్ మూడో అంతస్తు మూసి, ఇద్దరు సేల్స్ గర్ల్స్‌ను తీసేశాడు. వాళ్లు నేరుగా మమత దగ్గరికే వచ్చి ఏడ్చారు. ఆమె సంతోషం ఆ పూట చప్పబడింది. ఇద్దరినీ కూర్చోబెట్టి, చిరుగు కనబడకుండా రఫ్ఫు చేయడం నేర్పింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బుచ్చవ్వ మమత మిషన్ ముందు ఆటో దిగింది. నాలుగు నెలల తర్వాత తొలిసారి బయటికొచ్చింది. అద్దాల తలుపు దగ్గర నిలబడ్డ విక్రమ్‌ను కాసేపు అలాగే చూసింది. అతనే లోపలికి తప్పుకున్నాడు.

"అవ్వా, ఇగ సాలిద్దామా?" అంది మమత. "ఆయనను మాఫ్ చేసినవా?"

బుచ్చవ్వ షోరూం పక్క సందు వైపు చెయ్యి చూపించింది.

"వానికి అటు దిక్కు ఇంకో దర్వాజ ఉన్నది గద బిడ్డా. దాని ముంగట జాగ ఖాళీగున్నది. ఇంకో మిషన్ కొను. గాడ నేను కూసుంట."