పక్కకు తిరిగిన ఆకు

పాత వస్తువుల బజారులో ఆయన అడుగుపెట్టగానే వెండి నాణేలు అమ్మేవాళ్లు డబ్బాల మూతలు సగం దించేసేవారు. "గీటురాయి వచ్చాడ్రోయ్!" అని ఒకరికొకరు కనుసైగ చేసుకునేవారు. ఉద్యోగమంతా కళ్లజోళ్ల అద్దాలు అరగదీసిన మనిషి. ఆ చూపుకి నకిలీ దాగేది కాదు. పోతపోసిన నాణెమైతే అంచు మీద సన్నని అతుకు గీత, ముఖం మీద సూదిమొనంత బెజ్జాలు. చూసి ఊరుకుంటే సరిపోను. ఉన్నదున్నట్టు పైకే, కొనేవాడి ఎదుటే చెప్పేవాడు. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా? మొదట అమ్మేవాళ్లు మొహం చాటేశారు. తర్వాత ఆయనలాగే నాణేలు సేకరించేవాళ్లు కూడా తమ నాణేలు చూపించడం మానేశారు. ముచ్చటపడి కొనుక్కున్నది ఉత్తిదని వినాలని ఎవరికి ఉంటుంది?

ఆయన పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు ఊళ్లోనే ఉన్నా ఇంటినిండా జనంతో ఆమెకి ఊపిరాడదు. అప్పుడప్పుడు ఫోన్ చేసి "అన్నయ్యా, తిన్నావా?" అనేది. తిన్నానని ఈయన చెప్పేలోపే అటు కుక్కరు కూత వేసేది.

ఆ చలికాలం బజారులోకి కొత్తరకం నకిలీలు దిగాయి. ఎప్పటిదో రాజు తల, దాని చుట్టూ ఆకుల దండ. వెండి మేలిమిది, తూకం సరిగ్గా ఉంది, రాతిమీద పడేస్తే ఖంగున మోగింది. ఆయనంతటివాడూ బోల్తాపడి ఒకటి కొన్నాడు. ఇంటికొచ్చి కిటికీ వెలుగులో భూతద్దం పెట్టి చూస్తే అరుగుదల తేడా కొట్టింది. చేతులు మారిన నాణెం ముందు ఎత్తుగా ఉన్నచోట అరుగుతుంది, బుగ్గ మీద, కనుబొమ్మ మీద. ఇది మిట్టా పల్లమూ ఒకే తీరున అరిగింది. ఎవరో కావాలని అరగదీశారన్నమాట. ఇంకా పరకాయించి చూస్తే, చెవి వెనకాల ఆకు ఒకటి గాలి తగిలినట్టు కాస్త పక్కకు తిరిగి ఉంది. అసలు నాణెంలో ఆకులన్నీ బడిపిల్లల్లా బుద్ధిగా వరసలో ఉంటాయి.

ఎందుకో ఈసారి బజారులో నోరు విప్పలేదు. కనబడినప్పుడల్లా కొని కిటికీ గట్టు మీద పేర్చుకున్నాడు. అన్నిట్లోనూ అదే ఆకు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వాటి ముందు కూర్చుంటే, ఎవరో తనతో ఏదో చెప్పబోతున్నట్టే ఉండేది.

పన్ను సలిపి ఒకరోజు డాక్టరు దగ్గరికి వెళ్లాడు. గుమ్మం పక్కన ఇత్తడి బోర్డు మీద, పేరు చుట్టూ ఆకుల అంచు. మూల ఆకు పక్కకు తిరిగి ఉంది. పన్ను సంగతి మరిచిపోయి, "ఈ బోర్డు ఎవరు చేశారమ్మా?" అని నర్సుని అడిగాడు.

నర్సు చెప్పిన చోటు రైలు పట్టాల పక్క సందులో, ఇస్త్రీ కొట్టును ఆనుకుని ఉన్న ఒంటిగది. లోపల సీళ్లు చెక్కే ముసలాయన ఉలి నూరుకుంటున్నాడు. వెళ్లినాయన నాణెం బల్లమీద పెట్టి, గోటితో ఆకు చూపించాడు.

ముసలాయన ఉలి పక్కన పెట్టాడు. "ఇన్నాళ్లకి చూశారండీ ఒకరు" అన్నాడు.

"ఇది మోసం కాదా?"

"మోసమే. కాదని ఎలా అంటాను?"

"మరి ఆ ఆకుని అలా ఎందుకు తిప్పారు? దొరికిపోతారని తెలీదా?"

"అన్నీ అప్పుడెవడో చెక్కినట్టే చెక్కితే ఇక నాదేముందండీ అందులో?"

నాలుగు దులపాలనే వచ్చాడు. కోపం కోసం లోపల వెతుక్కున్నాడు, చేతికి రాలేదు. "అచ్చు చూపించండి" అన్నాడు చివరికి.

ఉక్కుముక్కలో రాజు తల తిరగేసి, లోతుగా, వెంట్రుకతో సహా ఉంది. అంత మంచి పనితనం ఆయన ఎన్నడూ చూడలేదు. చూస్తూ ఉండిపోయాడు.

"బాగుందా?" అని అడిగాడు ముసలాయన, మార్కుల కోసం చూసే పిల్లాడిలా.

"బాగుంది. కానీ ఇది ఉండకూడదండీ. బజారులో ఆకు గుర్తు చెప్పేస్తాను. మీ ఊసెత్తను."

"చెప్పండి. ఎలాగూ చెయ్యి వణుకుతోంది." లేచి సానరాయి తిప్పి, అచ్చు ముఖాన్ని దానికి ఆనించాడు. నిప్పురవ్వలు లేచాయి. ఇద్దరూ అటే చూస్తూ నిలబడ్డారు. రాజు ముక్కు పోయింది, దండ పోయింది, నున్నటి ఉక్కు మిగిలింది. ఆ తర్వాత ముసలాయన టీ పెట్టాడు. చీకటిపడేదాకా ఉలుల గురించి, అద్దాల గురించి, కంటిచూపు మందగించడం గురించి మాట్లాడుకున్నారు. అంతసేపు మరో మనిషితో కూర్చుని ఎన్నేళ్లయిందో ఆయనకి గుర్తులేదు.

బజారులో గుర్తు చెప్పాడు. ఆ నాణేలు కొనేవాళ్లు లేక రావడమే మానేశాయి. తర్వాతి వారం రొట్టెలకొట్టులో బిస్కెట్లు పొట్లం కట్టించుకుని సందులోకి వెళ్లాడు. గదికి తాళం వేసి ఉంది.

"ఖాళీ చేసేశారండీ. అక్కగారి ఊరంట, ఏ ఊరో చెప్పలేదు" అంది ఇస్త్రీ కొట్టావిడ. "మీరు చుట్టాలా?"

"కాదు."

"ఆయనకోసం ఎవరైనా రావడం ఇదే చూడ్డం, అందుకని అడిగాను."

పొట్లం ఆవిడ బల్లమీద పెట్టి, "పిల్లలకివ్వమ్మా" అన్నాడు. పట్టాల మీద రైలు వస్తోంది. అది పూర్తిగా దాటిపోయేదాకా నిలబడి, ఇంటిదారి పట్టాడు.