లక్ష్మీనరసమ్మ అరచేతులు

ధర్మవరంలో నీలావతి పొద్దున్నే వంట ముగించుకుని గళ్ల కాగితం పరుచుకునేది. పట్టుచీరల కొంగులకు, అంచులకు నమూనాలు గీయడం ఆమె పని. అత్త లక్ష్మీనరసమ్మ పక్కన కూర్చుని, అరచెయ్యి కోడలి ముఖం ముందు ఒకసారి ఆడించేది. దవనం వాసన గుప్పుమనేది. ఇక మధ్యాహ్నం దాకా నీలావతి తల తిప్పేది కాదు. టైలర్ రామప్పకు అవే చేతుల్లో కొత్తగుడ్డ గంజి వాసన వచ్చేది, పరీక్షలకు చదివే పిల్లలకు వాన పడ్డ మట్టి వాసన. ఎవరి పనికి ఏది కావాలో అది. వీధిలో దాన్ని వింతగా చూసినవాళ్లే లేరు. రామప్ప మాత్రం మర్యాదకు ఆకువక్క తెచ్చిచ్చేవాడు.

నీలావతి మొగుడు శ్రీకాంత్ పట్టుకు రంగులేసే షెడ్డులో పనిచేసేవాడు. సోమందేపల్లి దగ్గర హైవే మీద బైక్ మీంచి పడి చనిపోయాడు. కొడుకు కళ్లు మూసింది లక్ష్మీనరసమ్మే. ఆనాటి నుంచి ఆ చేతుల్లో ఏ వాసనా లేదు. కర్మాంతరాలయ్యాయి, పురోహితుడు మైల తీరిందన్నాడు, ఆమె నమ్మలేదు. పొద్దస్తమానం సబ్బుతో తోముకుని, చేతులు కొంగులో దాచుకునేది.

నీలావతి పెన్సిల్ పట్టుకుంటే గళ్లు అలుక్కుపోయేవి. ఊదొత్తులు వెలిగించింది, నిమ్మతొక్క నలిపింది, కాఫీపొడి డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుంది. పెనుకొండ నుంచి దవనం కట్టలే తెప్పించింది. తలనొప్పి వచ్చింది గానీ కొంగు మీదికి నెమలి రాలేదు. ఆ కొంగు పని ఇచ్చిన షావుకారు కృష్ణమూర్తి ఈ సాయంత్రం వస్తానన్నాడు. కొంగు కాకపోతే కంప్యూటర్‌లో నమూనాలు గీసేవాళ్లకిచ్చేస్తాడు, మళ్లీ ఈ గడప తొక్కడు. గీయడం తప్ప నీలావతికి ఏమీ చేతకాదు. ఆమెకు మిగిలిందీ అదొక్కటే.

"అత్తా, చెయ్యి ఇట్లియ్యి."

"వద్దు మే. మైల చేతులు. తగిల్తే పని చెడిపోతాది."

"చెడిపోయేకి ఇంగేం మిగిలుండాది? నేనే అయిపోతాండా, అగుపడ్లేదా నీకి?"

ఆ చేతుల్ని లాగి ముఖానికి అదుముకుంది. దవనం కాదు. ఉడికిన పట్టు, రంగునీళ్లు, కొబ్బరినూనె, చెమట. షెడ్డు నుంచి ఇంటికొచ్చే శ్రీకాంత్ వాసన. లక్ష్మీనరసమ్మకూ అది తగిలింది.

"ఇన్ని దినాలూ నేను వాణ్ణే కడిగేస్తాంటినా మే!" అని గొల్లుమంది. కొడుకు పోయాక ఆమె నోరు తెరిచి ఏడ్చింది అప్పుడే.

నీలావతికీ ఏడుపు ఆగలేదు. పెన్సిలూ ఆగలేదు.

సాయంత్రం కృష్ణమూర్తి ఇచ్చిన పని వెనక్కి తీసుకుపోదామనే వచ్చాడు. గుమ్మంలో గాలి పీల్చి, "శ్రీకాంత్ వచ్చినట్లుండాడే" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

లక్ష్మీనరసమ్మ కోడలి పక్కన అరచెయ్యి చాపుకునే ఉంది.

"ఈడనే ఉండాడు. పని జరుగుతాండాది, కూర్చోప్పా" అంది.

కృష్ణమూర్తి చెప్పులు విడిచి, కాగితం మీదికి ఒకసారి వంగి చూసి, చప్పుడు చేయకుండా గోడవారగా కూర్చున్నాడు. నెమలి మెడ ఇంకా కొంచెం మిగిలి ఉంది.